ముందు మనిషి చేతిరాత

ఆ రాత్రి కరెంటు పన్నెండున్నరకు వచ్చింది. అప్పట్లో మా సింహాద్రిపురం పక్క వ్యవసాయం కరెంటు కొంత పగలు, కొంత రాత్రి ఇచ్చేవాళ్లు. చీనీ (బత్తాయి) చెట్లకు నీళ్లు కట్టడానికి పోయిన మా తోట మనిషి స్టార్టరు పెట్టె పక్కన చీకట్లో కాలు పెట్టినాడు. పాము కరిచింది. కరిచినాక పరిగెత్తకూడదని తెలిసినవాడు కాబట్టి అక్కడే కూర్చుని నాకు ఫోన్ చేసినాడు. బుల్లెట్టు మీద పోయినాను. తోట దాకా బండి బాగానే పోయింది. పక్క తోట పిల్లోళ్లు ఇద్దరు అప్పటికే వచ్చి కాలు కదలకుండా గుడ్డ చుట్టినారు. పులివెందుల ఆసుపత్రిలో విషానికి సూది ఉంటుంది, పోతే బతుకుతాడు. అతన్ని మధ్యలో ఎక్కించి, వెనక ఒక పిల్లోణ్ని పట్టుకోమని కిక్కు కొట్టినాను. బండి పలకలేదు.

మళ్లీ కొట్టినాను. టార్చిలైటు నోట కరుచుకుని ఆంపియర్ మీటరు చూసుకుంటూ కొట్టినాను. ముల్లు నడిమికి వస్తుంది, డీకంప్రెషన్ లివరు పట్టి కాలు దింపుతాను, మళ్లీ పైకి తెచ్చి ఒళ్లంతా బరువేసి తొక్కుతాను. దగ్గు లాంటిది ఒకటి వినపడి ఆగిపోతుంది. ఎన్ని కొట్టినానో లెక్క లేదు. నా వీపుకు ఆనుకుని ఉన్న మనిషి ఊపిరి మాత్రం నాకు తెలుస్తానే ఉంది. చివరికి ఆ పిల్లోళ్లే తమ నూరు సీసీ బండి తెచ్చి, అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని పోయినారు. వాళ్ల వెనక లైటు ఎర్రగా చిన్నదై మలుపు తిరిగిందాకా నేను బుల్లెట్టు పక్కన నిలబడే ఉన్నాను.

అతను బతికినాడు. ఇప్పటికీ మా తోటలోనే ఉన్నాడు.

తప్పు బండిది కాదు. ప్లాటినం పాయింట్లు అరిగినాయి, కండెన్సరు కూడా పోయేట్టుంది, వేడి మీద రవ్వ సరిగా పడదు అని మెకానిక్కు నెల ముందే చెప్పినాడు. కాయ కోత అయిపోనీలే అని వాయిదా వేసింది నేను. ఆ మాట ఒప్పుకుంటేనే మిగతాది చెప్పే అర్హత నాకుంటుంది.

ఆ బండి మా నాయనది. 1989లో చీనీకి మంచి రేటు పలికిన ఏడు కొన్నాడు. కాస్ట్ ఐరన్ ఇంజను. 346 సీసీ, బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు. పిస్టను అంత దూరం పైకీ కిందికీ పోతుంది కాబట్టే ఆ శబ్దం ఒక్కొక్కటి విడివిడిగా, నింపాదిగా వినపడుతుంది. 1955లో మద్రాసులో ఎన్ఫీల్డ్ ఇండియా కంపెనీ పుట్టినప్పటి ఇంజను రూపమే చాలావరకు ఇది. ఇంగ్లండు కంపెనీ మూతపడినా మనవాళ్లు దాన్ని దశాబ్దాల పాటు పోత పోస్తూనే వచ్చినారు. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. ఇంజను వేరు, గేరుబాక్సు వేరు, వాటి మధ్య చైను డబ్బా వేరు, మూడింటికీ ఆయిలు విడివిడిగా పోయాల.

ఆ ఇంజను మాట్లాడుతుంది. ఈ సంగతి నాకు నేర్పింది నాయనే. ట్యాపెట్లు వదులైతే కుట్టుమిషను మాదిరి టకటకమంటుంది. రింగులు అరిగితే సైలెన్సరు నీలం పొగ వదులుతుంది. కిక్కు కాలి కింద మెత్తగా దిగిపోతే కంప్రెషను తగ్గినట్టు. నిలబెట్టిన చోట నేల మీద పడే ఆయిలు మరక రోజూ ఎంతుందో చూసుకుంటే ఏ గాస్కెట్టు ఎప్పుడు మార్చాలో తెలిసిపోతుంది. నాయన పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని బండి దగ్గరికి పోయి ముందు నేలకేసి చూసేవాడు. చెడిపోవడం దానికి కొత్త కాదు, కానీ చెప్పకుండా చెడిపోయిన రోజు లేదు. ఆ రాత్రి కూడా చెప్పింది. నేను వినలేదు, అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే టెక్సాస్ నుంచి మా అన్న కొడుకు ఫోను. వాడు పులివెందుల జేఎన్టీయూ ఇంజనీరింగు కాలేజీలో చదివినాడు. 2006లో ఆ కాలేజీ పెట్టిన కొత్తల్లో చేరినవాళ్లలో ఒకడు. అమెరికా పోయినాక అప్పులన్నీ తీర్చి, చెల్లెలి పెండ్లి చేసి, ఆ తర్వాత తన కోసమని ఒకే ఒక వస్తువు కొనుక్కున్నాడు. 2003 మోడల్ పోర్షా బాక్స్‌టర్, సెకండ్ హ్యాండు. పైకప్పు మడిచి వెనక్కి పోయే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. నాయన బుల్లెట్టు పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని చేలగట్లు తిరిగిన పిల్లోడు వాడు. వాడికి ఆ కోరిక ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు.

"చిన్నాయనా, కారు మార్చేద్దామనుకుంటాండా" అన్నాడు.

"ఏమైంది, యాడ చెడింది?"

"యాడా చెడల్యా. అదే బాధ. ఎప్పుడు చెడుతుందో తెల్యకుండా ఉండాది."

అప్పుడు వాడు చెప్పిన సంగతి నేను చాలాకాలం మనసులో తిప్పుకున్నాను. ఆ కారు ఇంజను లోపల, క్రాంక్ షాఫ్టు కింద, ఇంకో షాఫ్టు ఉంటుందట. ఇంటర్మీడియట్ షాఫ్టు అంటారు. క్రాంక్ దాన్ని గొలుసుతో తిప్పుతుంది, అది వాల్వుల్ని ఆడించే క్యామ్ షాఫ్టులను తిప్పుతుంది. ఆ షాఫ్టు ఒక కొన గేరుబాక్సు వైపు ఒక చిన్న బాల్ బేరింగు మీద ఆనుకుని ఉంటుంది. గ్రీజు పెట్టి మూతేసిన బేరింగు. ఏండ్లు గడిచే కొద్దీ ఇంజను ఆయిలు ఆ మూత సందుల్లోంచి లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. ఆయిలేమో లోపల చిక్కుకుని పాతబడిపోతుంది. గుండ్లు అరుగుతాయి. ఒకనాడు బేరింగు విడిపోతే షాఫ్టు తప్పుకుంటుంది, గొలుసు లెక్క తప్పుతుంది, వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి. ఇంక ఇంజను పనికిరాదు. కొన్నిసార్లు శబ్దం వస్తుందంటారు, చాలాసార్లు అదీ ఉండదు.

ఇది గాలి కబురు కాదు. 2001 నుంచి 2005 దాకా తయారైన కొన్ని కార్ల విషయంలో అమెరికాలో యజమానులంతా కలిసి దావా వేసినారు, 2013లో రాజీ కుదిరింది. ఒంటి వరుస గుండ్ల బేరింగున్న ఆ కార్లలో నూటికి ఎనిమిది దాకా పోయే అవకాశం ఉందన్న లెక్క ఆ కేసులో బయటికొచ్చింది. అంటే నూటికి తొంభైకి పైగా బాగానే ఉంటాయన్న మాట కూడా అందులోనే ఉంది. మా వాడి కారు అన్నేండ్లలో ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. అయినా వాడికి నిద్ర పట్టడం లేదు. ప్రతి సిగ్నలు దగ్గరా రేడియో ఆపి చెవి రిక్కించి వింటున్నాడట. ఇంకో విచిత్రం చెప్పినాడు. షెడ్డులో ఎక్కువగా నిలబెట్టిన కార్లకే ఈ జబ్బు ఎక్కువని అక్కడి మెకానిక్కులు అంటారట. జాగ్రత్తగా దాచుకున్నవాడికే నష్టం.

"బానెట్టు ఎత్తి చూడొచ్చు గదరా" అన్నాను. ఎత్తితే ఇంజను కనపడదట. సీట్ల వెనక, డిక్కీకి ముందు, దాన్ని మూసి పెట్టినారు. డిక్కీలో ఆయిలు పోసే మూత ఒకటి, నీళ్లు పోసే మూత ఒకటి, యజమానికి కనపడేది దాదాపు అంతే.

ఆ మాట వినగానే నాకు మా బావి గుర్తొచ్చింది. మా అబ్బ కాలంలో కపిల తోలి నీళ్లు తోడేవాళ్లు. ఎద్దులు అలిసిపోతే కనపడేది, తాడు పీచు లేస్తే కనపడేది. నాయన కాలానికి ఆయిలింజను వచ్చింది. గట్టు మీద కూర్చుని పొగ వదులుతూ ఊరంతా వినపడేట్టు కొట్టుకునేది. అది ఒక్క దెబ్బ తప్పితే ఇంట్లో అన్నం తింటున్న నాయన ముద్ద ఆపి లేచేవాడు. తర్వాత కరెంటు మోటరు బావిలో దిమ్మె మీదికి దిగింది. నీళ్లు ఇంకా కిందికి పోయినాక బోర్లు వేసినాము. మోటరు వందల అడుగుల లోతుకు, భూమిలోకి పోయింది. ఇప్పుడు అది ఎట్లుందో ఎవరికీ తెలియదు. స్టార్టరు మీద ఆంపియర్ల ముల్లు ఎక్కువ చూపించిన నాడు తెలుస్తుంది, అప్పటికి వైండింగు కాలిపోయి ఉంటుంది. పైపులన్నీ పైకి లాగాల, షాపుకు మోయాల, ఈలోగా చెట్లు ఎండుతాయి. మొదటి సబ్‌మెర్సిబుల్ దింపిన రోజు నాయన బోరు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడినాడు. "వినపడ్డం ల్యా" అన్నాడు. అప్పుడు నేను నవ్వినాను.

వాడి భయం నాకు అర్థమైంది. పోగొట్టుకుంటామన్న దిగులు కాదది. తన చెవి, తన చెయ్యి ఎందుకూ కొరగాని చోట ఒక బేరింగు తిరుగుతూ ఉండటం. దాని ముందు మన జాగ్రత్తకు విలువ లేదు. నాది వేరే కథ. నా బండి చెప్తూనే ఉంది, నాకే వినే తీరిక లేకపోయింది. కానీ ఇద్దరం వచ్చి ఆగింది ఒకే చోట. ఇష్టమున్న బండి మీద నమ్మకం పోయింది. ఒంటరిగా తిరిగేటప్పుడు ఇష్టం ఒక్కటే చాలు. వెనక ఇంకొక మనిషిని ఎక్కించుకున్నాక చాలదు. ఆ రాత్రి నా వీపుకు తగిలిన ఊపిరి ఈ తేడాను నాకు చెప్పింది.

కొత్తది కొనే స్తోమత ఇద్దరికీ లేదు. ఉన్నంతలో మరికాస్త కొత్త పాతది చూసుకోవాల. అదృష్టం కొద్దీ రెండు కంపెనీలూ ఇంచుమించు ఒకే కాలంలో ఇంజన్లు మార్చినాయి. 2009 మోడల్‌తో బాక్స్‌టర్‌కు పూర్తిగా కొత్త ఇంజను వచ్చింది. అందులో ఆ షాఫ్టే లేదు, క్యామ్‌లకు గొలుసు నేరుగా క్రాంక్ నుంచే పోతుంది. 2006 నుంచి 2008 దాకా వచ్చిన వాటిలో బేరింగు పెద్దది పెట్టినారు గానీ, మార్చాలంటే ఇంజనును రెండుగా విప్పాల. అందుకని మా వాడు 2009 తర్వాతిదే కావాలని పట్టుబట్టినాడు. భయపడే భాగాన్ని బలంగా చేయడం ఒక పద్ధతి, ఆ భాగం అవసరమే లేకుండా చేయడం ఇంకొక పద్ధతి. రెండోదే అసలైన మరమ్మతు అని నా అభిప్రాయం.

బుల్లెట్టు విషయంలోనూ అంతే. 2008లో ఎన్ఫీల్డ్ కంపెనీ థండర్‌బర్డ్‌తో మొదలై, ఆ తర్వాత క్లాసిక్‌లో వచ్చిన యూసీఈ అనే కొత్త ఇంజనులో పాయింట్లు లేవు, ఆ పని ఎలక్ట్రానిక్ డబ్బా చేస్తుంది. ట్యాపెట్లు హైడ్రాలిక్, వాటంతట అవే సర్దుకుంటాయి. ఇంజనూ గేరుబాక్సూ ఒకే డబ్బాలో ఉంటాయి, ఒకే ఆయిలు. గేరు ఎడమకాలికి వచ్చింది. సెల్ఫు స్టార్టు ఉంది, కిక్కూ ఉంది. సీసీ అదే 346, బోరు, స్ట్రోకు కూడా అవే కొలతలు. అందువల్ల శబ్దం మారినా దాని నడక పూర్తిగా మారలేదు. సెల్ఫులో స్ప్రాగ్ క్లచ్చు తొందరగా అరుగుతుందని మెకానిక్కులు ముందే చెప్పినారు. లోపం లేని ఇంజను కోసం నేను వెతకలేదు. లోపం ఏదో తెలిసి, దాన్ని దాటి ఇంటికి చేరే దారి ఇంకొకటి ఉంటే చాలు.

ఇంజను మంచిదని తెలుసుకోవడం సులభమే. ఆ ఇంజను ఎవరి చేతిలో ఉన్నిందో తెలుసుకోవడమే కష్టం. ఈ వెతుకులాటలో నేను నేర్చుకున్న అసలు సంగతి ఇది. తయారీలో ఎంత బాగు చేసినా, పాత బండిని చేతికిచ్చేది ఆ కంపెనీ కాదు. అయిదారేండ్లు దాన్ని వాడిన ఒక మనిషి. ఆయన పొద్దున్నే చల్లటి ఇంజనును ఒక్కసారిగా రేజ్ చేసేవాడా, వేడెక్కేదాకా ఆగేవాడా, ఆయిలు నల్లబడినాక కూడా ఇంకో నెల నడిపేవాడా, ఇవన్నీ ఇంజను లోపల రాసి పెట్టి ఉంటాయి. మనం డబ్బిచ్చి కొనేది ఆయన అలవాట్లను.

అందుకే చూడబోయే ముందు బండి వేడి చేయొద్దని ఫోనులో చెప్పేవాణ్ని. జమ్మలమడుగులో ఒక బండి చూసినాము. తళతళలాడుతోంది, కొత్త సీటు, కొత్త రంగు. మేము పోయేసరికే సైలెన్సరు వెచ్చగా ఉంది. మా మెకానిక్కు ఏమీ మాట్లాడకుండా ఆయిలు మూత తీసి, వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, ఎండకు పట్టి చూసినాడు. ఇసుక మాదిరి ఏమన్నా తగులుతుందా, వెండి పొడి మాదిరి మెరుస్తుందా అని. వేలు గుడ్డకు తుడుచుకుని "పోదాం పా అన్నా" అన్నాడు. అంతే, వచ్చేసినాము.

అదే వారం మా వాడు వీడియో పంపినాడు. అక్కడి మెకానిక్కు, నెరిసిన గడ్డం పెద్దాయన, వాడు కొనాలనుకున్న కారు ఆయిలు ఫిల్టరును బయటికి తీసి, కత్తితో కోసి, లోపలి మడతల కాగితాన్ని బల్ల మీద పరిచి, అయస్కాంతంతో, అద్దంతో ఒక్కొక్క మడతా వెతుకుతున్నాడు. మా మెకానిక్కుకు చూపించినాను. రెండుసార్లు చూసి, "మన పనే చేస్తాండాడు" అన్నాడు. ఆ ముఖంలో వెలుగును నేను ఇప్పటికీ మర్చిపోలేదు. భాష తెలియని దేశంలో తన తమ్ముణ్ని చూసినట్టు.

ఇక అమ్మడం. దీన్ని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నాకు నమ్మకం పోయింది కాబట్టి అమ్ముతున్నాను, మరి దాన్ని కొనేవాడు ఏమి కొంటున్నట్టు? నా భయాన్ని డబ్బు తీసుకుని ఇంకొకరికి అంటగట్టడం న్యాయమా? మా వాడు దీని మీద నెల రోజులు కొట్టుమిట్టాడినాడు. చివరికి క్లచ్చు మార్చే పని పెట్టుకున్నాడు. గేరుబాక్సు ఎలాగూ దింపుతారు కాబట్టి ఆ బేరింగునూ కొత్తది, ఇంకా గట్టిది వేయించినాడు. తన ఇంటి అద్దెకు మించిన ఖర్చు, తాను ఇక నడపబోని కారు కోసం. బయటికి తీసిన పాత బేరింగును వేలితో తిప్పి చూస్తే నున్నగా తిరిగిందట. ఏ లోపమూ లేదు. అన్ని రాత్రుల భయం ఆ అరచేతిలో బంగారంలాగా మెరుస్తూ ఉంది. దాన్ని ఒక డబ్బాలో పెట్టి, రసీదులతో సహా కొన్న మనిషికి ఇచ్చినాడు. "అన్నీ చెప్పినా చిన్నాయనా, రేటు తగ్గినా పర్వాల్యా" అన్నాడు. ఆ రోజు మా అన్న ఫోటో ముందు నిలబడి ఆ మాట చెప్పాలనిపించింది, చెప్పినాను.

నేనూ అట్లే చేసినాను. పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గు కొత్తవి వేయించినాను. పదిహేనేండ్లు దాటిన బండి కాబట్టి అయిదేండ్లకోసారి రిజిస్ట్రేషను రెన్యువల్ చేయించాల, అది చేయించి కాగితాలు చేతిలో పెట్టుకున్నాను. తాడిపత్రి నుంచి ఒక కుర్రోడు వచ్చినాడు. పాము సంగతి మొదలు అంతా చెప్పినాను. వేడి మీద మొండికేసింది, నీ ఇంట్లో రాత్రిపూట అవసరాలుంటే దీన్ని నమ్ముకోవద్దు అన్నాను. వాడు శ్రద్ధగా విన్నాడు. "అవసరాలకు ఇంకో బండి ఉందన్నా. నాకు ఈ శబ్దం కావాల" అన్నాడు. కిక్కు ఎట్లా కొట్టాలో నేర్పించినాను. ముల్లు నడిమికి రానీ, లివరు పట్టు, కొంచెం దింపు, వదులు, ఇప్పుడు తొక్కు. మూడోసారికి అందుకుంది. వాడి ముఖం చూసి, నాయన బండి సరైన చోటికే పోతోందని నమ్మినాను. మలుపు తిరిగినాక కూడా శబ్దం చాలాసేపు వినపడింది.

నా క్లాసిక్ ప్రొద్దుటూరులో దొరికింది. 2012 మోడల్. అమ్మే ఆయన బడి పంతులు, రిటైరై కూతురి దగ్గరికి పోతున్నాడు. రంగు అక్కడక్కడా వెలిసింది, హ్యాండిల్ మీద గీతలు. ఇంజను చల్లగా ఉంది. మెకానిక్కు వేలు ముంచి రుద్ది తలూపినాడు. అప్పుడు పంతులు పక్క పెట్టె తాళం తీసి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన చిన్న పొడుగు పుస్తకం ఒకటి తీసినాడు. ప్రతి పేజీలో గీతలు గీసి, తేదీ, కిలోమీటర్లు, ఆయిలు, చైను, ప్లగ్గులు, గాలి. పిల్లల మార్కులు వేసినట్టే గుండ్రటి అక్షరాలు. నాలుగో పేజీలో ఒక చోట ఎర్ర సిరాతో రాసి ఉంది: "ఈసారి 600 కి.మీ. ఆలస్యం."

ఆ ఒక్క వరుస చూసినాక బేరమాడబుద్ధి కాలేదు. తన కోసం తాను రాసుకునే పుస్తకంలో, ఎవరూ అడగని చోట, ఆలస్యాన్ని ఎర్ర సిరాతో ఒప్పుకున్న మనిషి దగ్గర పెరిగిన ఇంజను అది. ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇచ్చినాడు. పుస్తకం కూడా నాకే ఇచ్చినాడు.

అప్పటినుంచి ఆ బండి మీద రాత్రిపూట రెండుసార్లు పులివెందుల ఆసుపత్రికి పోయినాను. ఒకసారి మా ఇంటామెతో, ఒకసారి పక్కింటి ముసలాయనతో. రెండుసార్లూ వేలితో నొక్కగానే పలికింది. పొద్దున బండి దగ్గరికి పోయినప్పుడు ఇప్పటికీ కళ్లు ఆంపియర్ మీటరు ముల్లు కదలిక కోసం వెతుకుతాయి. తర్వాత నేలకేసి చూస్తాను. మరక ఉండదు. చెప్పడానికి దానికి అంతగా మాటల్లేవు, కాబట్టి పుస్తకమే దాని నోరు అనుకుంటాను.

పోయిన నెల చీనీ కోత. పొద్దున చీకటితో తోటకు పోవడం, లారీ లోడు అయ్యేదాకా అక్కడే ఉండటం. ఆయిలు మార్చే రోజు దాటిపోయింది. ఆదివారం మెకానిక్కు దగ్గర పాత ఆయిలు దింపించి, కొత్తది పోయించి, పక్క పెట్టె తాళం తీసినాను. పంతులు చేతిరాత అయిపోయిన చోటు నుంచి నా చేతిరాత మొదలై ఇప్పటికి ఆరు పేజీలైంది. తేదీ రాసినాను, కిలోమీటర్లు రాసినాను. మెకానిక్కు కొడుకు లెక్కలు చేసుకుంటూ అక్కడే కూర్చుని ఉన్నాడు. వాణ్ని ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, "ఈసారి 400 కి.మీ. ఆలస్యం" అని రాసి, కవరు చుట్టి లోపల పెట్టినాను.